పేరు తేలని జబ్బు, పక్కనుండే మనిషి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో బెంగళూరు తెలుగువాళ్ళవే ఎక్కువ. భర్తకో భార్యకో నరాల జబ్బేదో ఉందంటున్నారు, అదేమిటో మాత్రం ఎవరూ తేల్చి చెప్పడం లేదన్నదే అన్నిటిలోనూ బాధ. కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. మందు ఆపడం, మోతాదు మార్చడం మాత్రం మీ డాక్టరుగారిని అడిగాకే చెయ్యండి.

ప్రశ్న: మావారికి 56 ఏళ్ళు. ఎనిమిది నెలలుగా కుడిచెయ్యి వణుకుతోంది. నడక నెమ్మదించింది, సంతకం చిన్నదైపోయింది. ఒక డాక్టరు పార్కిన్సన్స్ అన్నారు. ఇంకొకరు "అలాగే ఉంది గానీ ఆరు నెలలు చూద్దాం" అన్నారు. మూడో ఆయన ఏదో ఖరీదైన స్కానింగ్ రాశారు. ఎంఆర్ఐలో ఏమీ లేదట. ఎవరి మాట నమ్మాలి? నేను ఆ ఊసెత్తితే చాలు, "నన్ను రోగిని చేసి కూర్చోబెట్టావు" అని మావారు కసురుకుంటున్నారు.
— ఒక గృహిణి, మారతహళ్ళి

జవాబు: ముగ్గురి మాటల్లోనూ తేడా మీరనుకున్నంత లేదండీ. పార్కిన్సన్స్ ఉందని తేల్చే రక్తపరీక్ష ఆసుపత్రుల్లో మామూలుగా చేసేది ఏదీ లేదు. ఎంఆర్ఐ కూడా ఈ జబ్బున్న చాలామందికి మామూలుగానే వస్తుంది. దాన్ని తీయించేది వేరే కారణాలేవీ లేవని చూసుకోడానికి: తెలియకుండా వచ్చిపోయిన చిన్న పక్షవాతాలు, గడ్డలు, మెదడులో నీరు చేరడం లాంటివి. మిగతాదంతా డాక్టరు చేతులు వంచి, నడిపించి, మందుకు ఒళ్ళు ఎలా స్పందిస్తోందో చూసి నిర్ణయించేదే. మొదట అచ్చం పార్కిన్సన్స్‌లా ఉండి, ఏడాది రెండేళ్ళకు వేరే దారి పట్టే జబ్బులున్నాయి. మొదట్లోనే పదేపదే పడిపోవడం, లేచి నిలబడగానే బీపీ పడిపోవడం, కళ్ళు కిందికి దించి మెట్లు చూడలేకపోవడం వాటి గుర్తులు. "ఆరు నెలలు చూద్దాం" అన్న డాక్టరు నిజాయితీగానే చెప్పారు.

అయితే ఆ ఆరు నెలలు ఊరికే గడిచిపోకూడదు.

ముందుగా ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, అయిపోయినవాటి అట్టలతో సహా, బల్లమీద పరవండి. గడిచిన ఏడాదిలో గ్యాసుకో, కడుపుబ్బరానికో, వాంతులకో, కళ్ళు తిరుగుతున్నాయనో వాడినవి ప్రత్యేకంగా చూడండి. అట్ట వెనక చిన్న అక్షరాల్లో లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజైన్, ఫ్లునరిజైన్ అన్న పేర్లలో ఏదైనా ఉందా? ఇవి మెదడులో డోపమిన్ (కదలికలకు కావలసిన రసాయనం) పనిని అడ్డుకుని, పార్కిన్సన్స్‌ను పోలిన వణుకు, బిగువు తెచ్చిపెట్టగలవు. మన దగ్గర గ్యాసుకు రాసే పాంటోప్రజోల్, రాబెప్రజోల్ గుళికలు కొన్నిటిలో లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. పదిహేను రోజులకని రాసిన చీటీ చూపించి మందులషాపులో నెలల తరబడి కొనుక్కుంటూ ఉంటారు. "గ్యాస్ మాత్రేగా" అని డాక్టరుకు చెప్పరు కూడా. అలాంటిది దొరికితే ఆ అట్ట పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అది మానేశాక లక్షణాలు తగ్గడానికి వారాలు, ఒక్కోసారి ఆరు నెలలకు పైగా పడుతుంది కాబట్టి, మానిన తేదీ రాసిపెట్టుకోండి. మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు, ఫిట్సుకు వాడే వాల్‌ప్రోయేట్ కూడా ఈ పని చెయ్యగలవు. వాటిని మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

మూడో డాక్టరు రాసిన స్కానింగ్ బహుశా ట్రోడాట్ గానీ ఎఫ్-డోపా పెట్ గానీ అయివుంటుంది. మెదడులో డోపమిన్ తీగలు ఎంత మిగిలాయో అవి చూపిస్తాయి. మందువల్ల వచ్చిన వణుకులో అవి సాధారణంగా మామూలుగానే ఉంటాయి. పార్కిన్సన్స్‌లో తగ్గుతాయి, కానీ దాన్ని పోలిన పై జబ్బుల్లో కూడా తగ్గుతాయి. అంటే మందువల్లా జబ్బువల్లా అన్న ప్రశ్నకు ఆ స్కానింగ్ బాగా పనికొస్తుంది, రెండు జబ్బుల్లో ఏదన్నదానికి అంతగా కాదు. "ఇందులో ఏం వస్తే వైద్యం మారుతుందండీ?" అని అడగండి. జవాబు స్పష్టంగా ఉంటే చేయించండి.

పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా మాత్ర మొదలుపెడితే అదీ ఒక పరీక్షే. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. చాలినంత మోతాదుకు చేరి నెల రోజులైనా వాడకుండా "పనిచేయలేదు" అనుకోవద్దు. ఎక్కువమంది ఇళ్ళల్లో పొరపాటు జరిగేది తిండి దగ్గర. పప్పు, గుడ్డు, పెరుగు, మాంసంలో ఉండే మాంసకృత్తులు ఈ మందు ఒంటికి పట్టకుండా పోటీపడతాయి. టిఫినుకు అరగంట ముందు గానీ తిన్న గంట తర్వాత గానీ వెయ్యండి. వికారంగా ఉంటే రెండు బిస్కెట్లతో వేసుకోవచ్చు. ఐరన్ మాత్ర ఉంటే దానికీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. వాంతి వస్తోందని మందులషాపులో అడిగి మెటోక్లోప్రమైడ్ వేశారో, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే. ఉన్నట్టుండి లెవోడోపా ఆపేయడం కూడా ప్రమాదం: జ్వరం, కండరాల బిగువుతో ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. అందుకని వారానికి సరిపడా ముందే కొని ఉంచండి. ఆసుపత్రికి వెళ్ళేరోజు మధ్యాహ్నం మాత్ర, నీళ్ళ సీసా చేతిసంచిలో పెట్టుకోండి. సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుంటే మాత్ర సమయం అక్కడే దాటిపోతుంది.

వారానికొకసారి, ఆయన ఒప్పుకుంటేనే, ఫోన్లో రెండు నిమిషాల వీడియో తియ్యండి. చేతులు ఒళ్ళో పెట్టుకుని వంద నుంచి వెనక్కి లెక్కించడం (మనసు వేరేచోట ఉన్నప్పుడు వణుకు బయటపడుతుంది), బొటనవేలు చూపుడువేలు పది సెకన్లు తట్టడం, చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవడం, పది అడుగులు నడిచి తిరిగి రావడం. తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు పడుతున్నాయో డాక్టర్లు చూస్తారు కాబట్టి పాదాలు కనపడాలి. మాత్ర వేసుకుని ఎంతసేపైందో వీడియో మొదట్లో నోటితో చెప్పండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే రాసుకుని చూపించండి. రాత్రి నిద్రలో అరుస్తున్నారా, తంతున్నారా, మలబద్ధకం ఎన్నేళ్ళుగా ఉంది, వాసన తెలుస్తోందా అన్నవి మీరు చెప్తేనే డాక్టరుకు తెలిసే సంగతులు. చాలామందిలో ఈ జబ్బు వణుకు కంటే ఎన్నో ఏళ్ళ ముందే ఈ లక్షణాలతో మొదలవుతుంది.

ఇక ఆయన కోపం. డాక్టరు ముందు మీరే గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తుంటే, తన గురించి తన ఎదురుగానే ఇంకెవరో మాట్లాడుతున్నారన్న కష్టం ఆయనకు ఉంటుంది. వెళ్ళే ముందు రాత్రి ఇద్దరూ కూర్చుని మాటలు పంచుకోండి. చెయ్యి, నడక, ఆఫీసు సంగతి ఆయన చెప్పాలి. నిద్ర, మందుల పట్టిక మీరు చెప్పాలి. ఆయన చెప్పకూడదన్నది ఏదైనా ఉంటే, భద్రతకు సంబంధించింది కానంతవరకు, వదిలెయ్యండి. బాత్రూములో పడ్డ సంగతి, స్కూటరు మీద తూలిన సంగతి మాత్రం దాచకూడదు. "నేనిది చెప్తాను" అని ముందే ఆయనతో అనండి. ఇదే జబ్బుకు ప్రామిపెక్సోల్, రోపినిరోల్ మాత్రలు రాస్తే ఇంకో జాగ్రత్త ఉంది. వాటివల్ల కొందరికి జూదం, విపరీతంగా కొనుగోళ్ళు అలవాటవుతాయి. అది ఆయన స్వభావం చెడిపోవడం కాదు, మందు చేసే పని. డబ్బు లెక్క తేడాగా కనిపిస్తే దెబ్బలాడకుండా డాక్టరుకు చెప్పండి.

డాక్టర్లను మారుస్తూ తిరగక్కర్లేదు. ఈ ముగ్గురిలో ఒకరిని పట్టుకోండి, లేదా కదలికల జబ్బుల్లో ప్రత్యేక శిక్షణ ఉన్న న్యూరాలజిస్టు ఒక్కరికి మొత్తం ఫైలు చూపించండి. పాత డాక్టరు ఏమన్నారో దాచిపెట్టి "మీరేమంటారో చూద్దాం" అనుకుంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది. చాలాసార్లు ఇంకో మాత్ర కూడా జతవుతుంది.

ప్రశ్న: నా భార్యకు 34. నిరుడు ఎడమకన్ను పది రోజులు మసకబారి తగ్గింది. ఇప్పుడు నడుము కింద తిమ్మిరి. ఎంఆర్ఐలో తెల్లమచ్చలున్నాయి. "ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్) కావచ్చు, ఎన్ఎంఓ (న్యూరోమైలైటిస్ ఆప్టికా) కావచ్చు, బి12 కూడా తక్కువుంది" అంటున్నారు. వెన్నులోంచి నీరు తీయాలట. కాళ్ళు పడిపోతాయని మా అత్తగారు ససేమిరా అంటున్నారు. రాత్రంతా రిపోర్టు చదువుతూ కూర్చుంటున్నాను.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, యలహంక

జవాబు: మీ అత్తగారికి ఇలా చెప్పండి. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. సూది గుచ్చేది దానికి కింద, మూడో నాలుగో నడుము ఎముకల మధ్యో, నాలుగో ఐదో వాటి మధ్యో. అక్కడ నీటిలో తేలే నరాల పోగులే ఉంటాయి. తీసేది కొద్ది మిల్లీలీటర్లు. మెదడు రోజుకు సుమారు 500 మిల్లీలీటర్ల ఆ నీటిని కొత్తగా తయారుచేసుకుంటూనే ఉంటుంది. రక్తం పలచబడే మందులేవైనా వాడుతుంటే ముందే చెప్పాలి. తర్వాత రావడానికి అవకాశం ఉన్నది తలనొప్పి: కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. చాలామందికి కొద్ది రోజుల్లో పోతుంది. సన్నటి, మొన మొద్దుగా ఉండే సూది వాడితే ఆ అవకాశం తగ్గుతుంది కాబట్టి ఉందేమో అడగండి. జ్వరం, మెడ బిగుసుకోవడం, కాళ్ళలో కొత్త బలహీనత కనిపిస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. అదే రోజు చేతినుంచి రక్తం కూడా తీశారో లేదో చూడండి. వెన్నునీటిలో కనిపించే ప్రొటీన్ పట్టీలను (ఆలిగోక్లోనల్ బ్యాండ్స్) రక్తంతో పోల్చి చూస్తేనే ఆ పరీక్షకు అర్థం.

డాక్టర్లు పేరు పెట్టడానికి ఎందుకు తటపటాయిస్తున్నారో ఇక్కడే తెలుస్తుంది. ఎంఎస్, ఎన్ఎంఓ రెండూ ఒంటి రక్షణవ్యవస్థే నరాల మీద దాడిచేసే జబ్బులు, కానీ మందులు వేరు. ఎంఎస్‌కు ఇచ్చే కొన్ని మందులు, ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్ లాంటివి, ఎన్ఎంఓ ఉన్నవాళ్ళకు జబ్బును ముదరబెడతాయి. తొందరపడి పేరు పెడితే నష్టం మీ ఆవిడకే. అక్వాపోరిన్-4, మాగ్ యాంటీబాడీల రక్తపరీక్ష చేయించారా, కణాల మీద చేసే పద్ధతిలో (సెల్-బేస్డ్ ఎస్సే) చేశారా అని అడగండి. వీలైతే స్టెరాయిడ్ ఎక్కించకముందే రక్తం తీయడం మంచిది. బి12 సంగతీ అంతే. పరీక్షకు ముందు ఎవరో చెప్పారని సూదులు వేయించుకుంటే అంకె పెరిగి కూర్చుంటుంది, అసలు లోపం ఎంతో తెలియదు. శాకాహారులకు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకు బి12 లోపం మామూలే. అదీ కాళ్ళ తిమ్మిరి తెస్తుంది, కానీ కన్ను పది రోజుల్లో మసకబారి తగ్గడానికి అదొక్కటే సాధారణంగా కారణం కాదు. అందుకే దానికి వైద్యం చేస్తూనే మిగతావి వెతుకుతున్నారు.

ఇలాంటి దాడిని అణచడానికి ఇచ్చే స్టెరాయిడ్ అంటే సాధారణంగా రోజుకు ఒక గ్రాము మిథైల్‌ప్రెడ్నిసలోన్, మూడు నుంచి ఐదు రోజులు సెలైన్లో. పొద్దున ఎక్కిస్తే రాత్రి నిద్ర కొంత నయం. షుగర్ పెరుగుతుంది, కడుపులో మంట, నోట్లో లోహపు రుచి, చిరాకు, ఒక్కోసారి అర్థంలేని హుషారు వస్తాయి. ఆ కొద్ది రోజుల్లో ఆవిడ అన్న మాటలు మనసులో పెట్టుకోకండి. ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా అన్నది మొదటి రోజే చెప్పాలి. పిల్లల కోసం ఆలోచిస్తుంటే అదీ చెప్పండి, మందు ఎంపిక దాన్నిబట్టి మారుతుంది.

మళ్ళీ ఎంఆర్ఐకి వెళ్తే మెట్టెలు ముందురోజే సబ్బునీళ్ళతో తీయించండి. వేళ్ళు వాచి రాక అక్కడ అవస్థపడేవాళ్ళు ఎందరో. మంగళసూత్రం తియ్యడం బాధనిపిస్తే ఒట్టి పసుపుతాడు కట్టుకుని వెళ్ళవచ్చు. జాకెట్టు హుక్కులు, పిన్నులు కుదరవు. మందు ఎక్కించి తీసే స్కానింగైతే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు. ఫిల్ములతో పాటు సీడీ తప్పకుండా తీసుకోండి. పాత మచ్చల్ని కొత్తవాటితో పోల్చడానికి డాక్టరుకు కావలసింది అదే.

తెల్లమచ్చలు మైగ్రేన్‌లోనూ, బీపీలోనూ రావచ్చు. అవి ఎక్కడున్నాయి, ఏ ఆకారంలో ఉన్నాయి అన్నదే ముఖ్యం. అది మీరు రాత్రి రెండింటికి రిపోర్టు చదివితే తేలేది కాదు. ఆ సమయంలో చెయ్యదగ్గది ఒక కాగితం: ఏ తేదీన ఏ భాగంలో ఏం మొదలైంది, ఎన్నాళ్ళుంది, ఎంత తగ్గింది. వేడినీళ్ళ తలస్నానం తర్వాతో, జ్వరంలోనో పాత తిమ్మిరి కాసేపు తిరగబెడితే కంగారుపడక్కర్లేదు. జ్వరం లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటి నిలిస్తే ఫోను చెయ్యాలి.

ప్రశ్న: మాది హిందూపురం. మా ఇంటావిడ నెలకు రెండుసార్లు పడిపోయి కొట్టుకుంటోంది. ఒకరు ఫిట్స్ అన్నారు, మాత్రలు వాడుతున్నాం. ఈఈజీ (తలకు తీగలు అంటించి మెదడు కరెంటు చూసే పరీక్ష) మామూలుగా వచ్చిందని ఇంకొకరు మానసికమన్నారు. నటిస్తోందని మా వాళ్ళు. బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్దామనుకుంటున్నాం.
— ఒక రైతు

జవాబు: ఆవిడ నటించడం లేదు. ముందు ఆ మాట ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. మెదడులో కరెంటు తేడాతో రాని మూర్ఛలు కూడా ఉంటాయి. అవీ మనిషి చేతిలో లేనివే, వాటికీ వైద్యం ఉంది. వాటికి ఫిట్సు మాత్రలు పనిచేయవు, అంతే. ఈఈజీ మామూలుగా వచ్చినంత మాత్రాన ఫిట్సు లేవని కూడా కాదు, అది తీసిన అరగంటలో ఏమీ జరగలేదనే అర్థం.

డాక్టరుకు మీరు ఇవ్వగలిగిన పెద్ద ఆధారం ఫోన్లో వీడియో. ఇంకొకరు తీస్తుంటే మీరు ఆవిడను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ముఖం కనపడాలి. కళ్ళు తెరిచి ఉన్నాయా, గట్టిగా మూసుకుని ఉన్నాయా? తల ఒకే వైపు తిరిగిందా? ఎన్ని నిమిషాలు? నాలుక పక్కన కొరుక్కుందా? లేచాక ఎంతసేపటికి మిమ్మల్ని పోల్చుకుంది? చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం, నీళ్ళు పొయ్యడం వద్దు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా 108కి ఫోను చెయ్యండి. ఇప్పుడు వాడుతున్న మాత్ర ప్రయాణం హడావుడిలో ఒక్క పూట కూడా తప్పకూడదు. అనుమానంగా ఉందని ఆపేసినా ప్రమాదమే.

మెదడు, నరాలు, మానసిక జబ్బులకు వైద్యం చేసే నిమ్హాన్స్ హోసూరు రోడ్డు మీద ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి ఖర్చు తక్కువ, అందుకే రద్దీ. అక్కడ పొద్దున్నే ఉండేలా బయల్దేరండి. అదే రోజు తిరుగు ప్రయాణం అనుకోకండి, పరీక్షలకు వేరే తేదీ ఇవ్వవచ్చు. మొదట ఒక డాక్టరు అంతా రాసుకుని, తర్వాత పెద్ద డాక్టరు చూడవచ్చు. చెప్పిందే మళ్ళీ చెప్పాల్సి వచ్చినా విసుక్కోకండి. వీడియో తీస్తూ ఈఈజీ చూసే పరీక్ష గురించి అడగండి, ఈ చిక్కుముడి విడదీసేది అదే. ఈఈజీ ముందురోజు తలంటు పోసుకుని నూనె రాయకుండా రావాలి. నూనె ఉంటే తీగలు అంటవు.

భాష గురించి దిగులు వద్దు, బెంగళూరులో తెలుగు అర్థమయ్యేవాళ్ళు చాలామంది. అయితే మన మాటల్లోనే ఒక చిక్కుంది. "కళ్ళు తిరిగాయి" అని మనం మూడింటికి వాడతాం: గది గిర్రున తిరగడం, కళ్ళకు చీకట్లు కమ్మడం, కాళ్ళు తూలడం. డాక్టరుకు అవి మూడు వేర్వేరు జబ్బులు. "తిమ్మిరి" కూడా అంతే. స్పర్శ తెలియకపోవడమా, చీమలు పాకినట్టుండడమా, బలం లేకపోవడమా? "నరాల బలహీనత" అన్న మాట అసలు వాడకండి. జరిగింది జరిగినట్టు చెప్పండి.

ప్రశ్న: జబ్బు తేలకముందే ఇన్సూరెన్సు సంగతి ఏం చూసుకోవాలి?
— బనశంకరి

జవాబు: పరీక్షల కోసమే ఆసుపత్రిలో చేరితే చాలా పాలసీలు డబ్బివ్వవు. ఆ మినహాయింపు పాలసీ కాగితంలోనే ఉంటుంది. చేరాల్సిన వైద్య కారణమేమిటో డిశ్చార్జి కాగితంలో స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి. ఉన్న పాలసీ ఒక్క రోజు కూడా తెగనివ్వకండి. బీమా నియంత్రణ సంస్థ 2024 నిబంధనల ప్రకారం ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ మూడేళ్ళకు మించకూడదు. ఐదేళ్ళు వరుసగా పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిము తిరస్కరించకూడదు. లక్షణాలు మొదలయ్యాక కొత్త పాలసీ తీసుకుంటే అవి దాచకుండా రాయాలి. కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సే ఆధారమైతే, ఉద్యోగం మానే ముందే సొంత పాలసీకి మారే వీలు అడగండి. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఉన్నాయి. పేరు తేలాక వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టవచ్చు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే సాధారణంగా తీసెయ్యకూడదని, హోదా తగ్గించకూడదని ఆ చట్టమే చెబుతోంది.

ప్రశ్న: మావారి పరీక్షలు నాలుగు నెలలుగా నడుస్తున్నాయి. పుట్టింట్లో చెప్పలేదు, అత్తింట్లో చెప్పలేదు. నాకే నిద్ర పట్టడం లేదు.
— బీటీఎం లేఔట్

జవాబు: మీ భర్తను అడిగి, ఒక్కరికి చెప్పండి. ఇద్దరికీ నమ్మకమైన మనిషి, నోరు జారని మనిషి: ఆడపడుచో, అన్నో, ఎదురింటావిడో. "ఏం జబ్బో ఇంకా తెలీదు. తెలిసినప్పుడు నేనే చెప్తాను. అప్పటిదాకా అడగొద్దు" అన్న మూడు ముక్కలు చాలు. ఆ మనిషికి ఒక పని అప్పగించండి: వచ్చే అపాయింటుమెంటు రోజు పిల్లల్ని బడినుంచి తీసుకురావడం, లేదా డాక్టరు గదిలో మీ పక్కన కూర్చుని డాక్టరు చెప్పింది రాసుకోవడం. కంగారులో విన్నది సగం మర్చిపోతాం, రాసే చెయ్యి వేరేగా ఉంటే మీరు వినగలుగుతారు.

రాత్రి ఎప్పుడైనా 14416కు ఫోను చెయ్యవచ్చు. అది టెలిమానస్, కేంద్ర ప్రభుత్వ ఉచిత సేవ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి లేకపోతే, బతకాలనిపించని ఆలోచనలు వస్తే ఒక్క పూట కూడా ఆగకుండా డాక్టరును కలవండి. ఈలోగా మీ బీపీ, షుగరు, థైరాయిడ్ చూపించుకుని ఎన్నాళ్ళయింది? ఆయన పరీక్షకు రక్తం ఇచ్చే రోజే, అదే ల్యాబులో, మీదీ ఇచ్చెయ్యండి.